నెత్తిన దీపం

హెల్మెట్ ఖరీదు నా సైకిల్ ఖరీదు కంటే మూడు వేలు ఎక్కువ. ఈ ముక్క ఇంట్లో చెప్పలేదు, "ఆఫీసులో ఇచ్చారు" అని బొంకాను.

2015లో లూమోస్ అనేవాళ్లు లైట్ల హెల్మెట్ కోసం కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర డబ్బు పోగేసినప్పటి నుంచీ నా కన్ను దాని మీదే. నేను కొన్నది వేరే కంపెనీది. ముందు తెల్ల లైట్లు, వెనక ఎర్రవి. హ్యాండిల్‌కు బిగించుకునే చిన్న రిమోట్‌కు రెండు బొత్తాలు, ఏది నొక్కితే ఆ వైపు నారింజ బాణం కొట్టుకుంటుంది. వేగం తగ్గితే లోపలి సెన్సర్ పసిగట్టి బ్రేకు లైటు వెలిగిస్తుంది. తెనాలిలో మా నాన్న సైకిల్‌కు డైనమో ఉండేది. టైరుకు ఆనించి తొక్కితే గుర్రుమంటూ వెలిగేది, సైకిల్ ఆగితే ఆరిపోయేది. ఆ ఇంటి పిల్లాడు ఎక్కడిదాకా వచ్చాడో చూడండి అని నాలో నేనే మురిసిపోయాను. పైగా మన చట్టం హెల్మెట్ పెట్టుకోమన్నది మోటారు బండ్లవాళ్లని, మామూలు సైకిల్ వాళ్లని కాదు. అడగకుండానే పెట్టుకున్న ఉత్తమ పౌరుణ్ని కదా!

నాది ఉదయం ఆరింటి షిఫ్టు. మియాపూర్‌లో చీకటితోనే బయల్దేరి, హఫీజ్‌పేట ఫ్లైఓవర్ ఎక్కి దిగి, కొండాపూర్ చేరాలి. మొదటి రోజు నుంచే దారిలో జనం నన్ను చూసి అరవడం మొదలుపెట్టారు. పాలవ్యాన్ కుర్రాడు "లైట్, లైట్!" అన్నాడు. నేను బొటనవేలు పైకెత్తి చూపించాను. ఇంకోరోజు బైకు మీద ఒకబ్బాయి నా పక్కకే వచ్చి, తన తల తట్టి చూపిస్తూ "అన్నా, లైటు!" అన్నాడు. "ఆన్‌లైన్‌లో దొరుకుతుంది తమ్ముడూ" అన్నాను.

అతని మొహం నాకింకా గుర్తే.

బండి స్టాండు తియ్యకుండా పోతుంటే ముక్కూమొహం తెలియనివాడు కూడా వెంటబడి అరిచే ఊళ్లు మనవి. పాతికేళ్లుగా ఆ కేకలు వింటూ, నేనూ వేస్తూ బతికినవాణ్ని. అయినా ఇవి అభిమానుల కేకలే అనుకున్నాను.

పదకొండో రోజున, కొండాపూర్‌లో నేను తిన్నగా పోతుంటే ఎడమ సందులోంచి ఆటో ఒకటి నిబ్బరంగా బయటికొచ్చేసింది. రెండు బ్రేకులూ పట్టాను. సైకిల్ ఆగింది, నేను ఆగలేదు. మోచెయ్యి చెక్కుకుపోయింది. క్యారేజీ మూత ఊడి టమాటా పప్పు రోడ్డు మీద పరుచుకుంది. లేస్తూనే ఆటో అతని మీద విరుచుకుపడ్డాను. అతను ఆటో ఆపి, దిగి, సైకిల్ లేవనెత్తి అప్పుడన్నాడు: "లెఫ్ట్‌కు లైటేస్తివి, సీదా వస్తివి. నేనేమనుకోవాలె సారూ?"

హెల్మెట్ తీసి వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఎడమ బాణం టక్ టక్ మని కొట్టుకుంటోంది.

క్యారేజీ సంచి హ్యాండిల్ ఎడమ కొమ్ముకు తగిలించే అలవాటు నాది. వెనక క్యారియర్ మీద పెడితే సాంబారు ఒలుకుతుందని. తగిలించినప్పుడల్లా సంచి పిడి రిమోట్ మీద పడి ఎడమ బొత్తాన్ని నొక్కేది, ఆపైన సంచే దాన్ని కప్పేసేది. బాణం వెలిగినంతసేపూ హెల్మెట్ కూత పెట్టాలి, పెట్టేది కూడా. చెవిదగ్గర ఆ గోలేమిటని కొన్నరోజే ఫోన్ యాప్‌లోకి వెళ్లి దాని నోరు నొక్కింది నేనే. నాన్న డైనమో లైటు వెలుగుతోందో లేదో కనీసం తొక్కేవాడికి కనపడేది. ఇక్కడ దీపం నా నెత్తిన ఉంది, నాకు తప్ప ఊరందరికీ కనపడుతోంది. ఇండికేటర్లున్నాయి కదాని మలుపుల్లో చెయ్యి చాపడం కూడా మానేశాను. చెయ్యి చాపి ఉంటే ఒక్కసారైనా పక్కకో వెనక్కో చూసుకునేవాణ్నేమో.

ఆటో అతనికి సారీ చెప్పాను. ఖాళీ క్యారేజీ, వంకరపోయిన పెడలుతో ఆఫీసుకు నడిచాను.

సాయంత్రం మా ఆవిడ మోచేతికి పసుపు అద్దుతూ అంతా విన్నది. హెల్మెట్ అసలు ధర కూడా ఆ నొప్పిలో బయటపడిపోయింది. ఆమె కోప్పడలేదు.

"రోజూ బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నాను" అంది. "గేటు దాటగానే ఎడమకన్ను కొట్టుకుంటూ పోతారు. వీధిలో ఎవరికోసమా అని అడుగుదామనుకుంటూనే ఉన్నాను."