అలకపాన్పు మీద పాతికేళ్లు

మగపెళ్లివారిని ఎప్పుడైనా తీరిగ్గా గమనించారా? విడిదింట్లో దిగీ దిగకముందే కాఫీ చల్లారిందంటారు. పులిహోరలో పోపు మాడిందంటారు. గుత్తివంకాయలో కారం లేదని చెప్పడానికి నాలుగోసారి వడ్డించుకుంటారు. పిల్ల తండ్రి చేతులు నులుముకుంటూ ఎదురొస్తే మొహం పక్కకి తిప్పుకుంటారు. అలాగని లేచిపోతారా అంటే, పందిరి గుంజలు పీకేదాకా కదలరు. ఇంటికెళ్లాక పదేళ్లపాటు ఆ పెళ్లి కబుర్లే.

జపాన్ బొమ్మల సినిమాల (యానిమే) అభిమానులతో నాకు పరిచయం కలిగిన మొదటి రోజే, వీళ్లనెక్కడో చూశానే అనిపించింది.

పరిచయం చేసినవాడు నా చెల్లెలి కొడుకు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2021 ఆగస్టులో, కరోనా పుణ్యమా అని వాడు మా ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటున్న రోజుల్లో, ప్రైమ్‌లో ఎవాంగెలియన్ ఆఖరి సినిమా వచ్చింది. వాడు తలుపేసుకుని చూశాడు. రెండు గంటల ముప్పై ఐదు నిమిషాల తర్వాత హాల్లోకొచ్చి సోఫాలో కూలబడ్డాడు.

"ఎలా ఉందిరా?"

"నాశనం చేశాడు మావయ్యా."

"అయ్యో."

"మొత్తం నాశనం చేసి పెట్టాడు."

అర్ధరాత్రి మంచినీళ్లకని లేస్తే వాడి గదిలో మళ్లీ అదే సినిమా ఆడుతోంది. ఎంత నాశనం చేశాడో సరిగ్గా లెక్క తేలాలంటే రెండోసారి చూడాలట.

ఈ ఎవాంగెలియన్ కథ నాకు అర్థమైనంత వరకు చెబుతాను. అర్థం కానిది కూడా చెప్పాలంటే ఈ పేజీ చాలదు. షింజీ అని పద్నాలుగేళ్ల కుర్రాడు. ఎప్పుడూ పట్టించుకోని తండ్రి ఒకరోజు రమ్మని కబురంపుతాడు. ఇన్నాళ్లకి గుర్తొచ్చానులే అనుకుంటూ వెళ్తాడు వీడు. భోంచేశావా అనైనా అడగడు ఆ తండ్రి. అదిగో ఆ భారీ యంత్రం ఎక్కు, ఊరి మీద పడుతున్న దేవదూతలతో యుద్ధం చెయ్యి అంటాడు. నా వల్ల కాదంటాడు కుర్రాడు. కొడుకుని అడక్కుండా ఎంపీసీలో చేర్పించిన తండ్రి ఉన్న ఏ తెలుగింట్లోనైనా ఇంతవరకు కథ తేలిగ్గానే అర్థమవుతుంది.

1995 అక్టోబర్ 4న టీవీ టోక్యోలో ఇది మొదలైంది. తీసింది గైనాక్స్ అనే స్టూడియో, దర్శకుడు హిడెయాకి అన్నో. మొత్తం 26 ఎపిసోడ్లు. చివరికొచ్చేసరికి స్టూడియోకి టైము చాలలేదు. ఒకచోట లిఫ్టులో ఇద్దరమ్మాయిలు ఉలకరు, పలకరు. దాదాపు నిమిషంపాటు ఒకటే బొమ్మ. మన ఇళ్లల్లో అయితే టీవీ నెత్తిన ఒక్కటిచ్చేవాళ్లం. అభిమానులు మాత్రం అందులో మౌనం లోతెంతో కొలిచి వ్యాసాలు రాశారు.

25, 26 ఎపిసోడ్లకి మాత్రం వ్యాసాలతో సరిపెట్టుకోలేకపోయారు. యుద్ధం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. యంత్రాలు మాయమయ్యాయి. కుర్రాడు కుర్చీలో కూర్చున్నాడు, మీద లైటు పడింది, ఇక నేనెవరు, నాకు బతకడం ఎందుకు అని మనసులోని గొడవంతా బయటపెట్టాడు. 1996 మార్చి 27న చిట్టచివర తక్కిన పాత్రలన్నీ చుట్టూ చేరి చప్పట్లు కొట్టి వాడికి అభినందనలు చెప్పాయి. అంతే, శుభం. క్లైమాక్స్ ఫైటు కోసం ముందుకి జరిగి కూర్చున్న జనానికి హీరోగారి ఆత్మవిచారం దొరికింది. మన దగ్గరైతే కుర్చీలు విరిగేవి. జపాన్‌లో మర్యాద పాలు ఎక్కువ కాబట్టి ఉత్తరాలు రాశారు. చంపేస్తామన్న సంగతి కూడా రాసే తెలియజేశారు.

అన్నో పిల్ల తండ్రి కదా, తగ్గాడు. సరే, ఆ రెండు వంటకాలూ మళ్లీ వండి వడ్డిస్తానన్నాడు. 1997 మార్చి 15న బంతి వేశారు. తీరా చూస్తే వంట కాలేదు! పాత ఎపిసోడ్లు కలిపి వేడిచేసి ముందు వడ్డించి, వెనకాల కొత్తది కొంచెం తగిలించి, మిగతాది వేసవిలో అన్నారు. మగపెళ్లివారు తిన్నారు, తిట్టారు, జులై 19న తిరిగొచ్చారు.

ఆ జులై సినిమాలో అన్నో చేసిన పని లోకంలో ఏ పిల్ల తండ్రీ చేసి ఉండడు. కథ మధ్యలో బొమ్మలాపేసి తెర మీద నిజం మనుషుల్ని చూపించాడు, సినిమా హాల్లో కుర్చీల్లో కూర్చున్న జనాన్ని. తనకొచ్చిన ఉత్తరాలు, తిట్లు, స్టూడియో గోడ మీద రాసిపోయిన రాతలు చకచకా తిప్పేశాడు. అంటే పెళ్లిపందిట్లో మైకు అందుకుని, వియ్యాలవారు విడిదింట్లో ఏమేమి అన్నారో పేరంటాళ్లందరి ముందూ చదివి వినిపించినట్టు. ఇంత అవమానం జరిగితే మగపెళ్లివారు లేచిపోవాలా వద్దా? పోలేదు. వెనక వరసలో ఎవడో ఒకడు "నా దస్తూరీ కనపడిందిరా" అని పక్కవాడి చొక్కా లాగి చూపించే ఉంటాడని నా నమ్మకం. డబ్బిచ్చి టికెట్టు కొనుక్కుని తన తిట్టు తాను చూసుకోవడం, ఎంతైనా, మామూలు అదృష్టం కాదు.

ఆ సినిమా ఆఖర్న లోకమంతా కరిగిపోయాక, ఎర్రటి సముద్రపు ఒడ్డున ఒక అబ్బాయి, ఒక అమ్మాయి మిగులుతారు. ఆమె విసుక్కుంటూ ఒక్క ముక్క అంటుంది. ఆ ఒక్క ముక్కకి అర్థమేమిటో ఇంకా తేలలేదు. మన దగ్గర ఆస్తి దావాలే నయం.

అర్థాల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. మన మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథ సూరి కాళిదాసుకి వ్యాఖ్యానం రాస్తూ, మూలంలో లేనిది ఒక్కటీ రాయనని ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఎవాంగెలియన్ వ్యాఖ్యాతలు ఆ ఒట్టుని తిరగేసి పెట్టుకున్నారు. అందులో ఎక్కడ చూసినా శిలువలే. పేలుడు జరిగితే మంట శిలువ ఆకారంలో లేస్తుంది. ఆదాము, లిలిత్ పేర్లు వినిపిస్తాయి. దీనిమీద బైబిలు, యూదుల మార్మిక గ్రంథాలు తిరగేసి పండితులైనవాళ్లు చాలామంది. అన్నో దగ్గర సహాయ దర్శకుడిగా చేసిన కజుయా త్సురుమాకి మాత్రం తర్వాత చల్లగా చెప్పాడు. జపాన్‌లో క్రైస్తవం అరుదు కాబట్టి కొత్తగా, గూఢంగా ఉంటుందనీ, చూడ్డానికి బాగుంటుందనీ పెట్టామే తప్ప మతపరమైన అర్థమేమీ లేదని. ఇది విని వ్యాఖ్యాతలు ఊరుకున్నారా? అలా అనడంలో ఉన్న గూఢార్థం వెతకడానికి బయల్దేరారు.

మన పెళ్లిళ్లలో అలకపాన్పు ఎక్కిన అల్లుడు గడియారమో, మోటారు సైకిలో పుచ్చుకునిగానీ దిగడు. ఈ అలకపాన్పు పద్ధతే వేరు. ఇక్కడ కానుకలన్నీ అలిగినవాడే కొనుక్కోవాలి. ఎవాంగెలియన్ బొమ్మలున్న కాఫీ డబ్బాలు తాగారు. 2004 నుంచి ఎవాంగెలియన్ పచింకో జూదం మిషన్ల ముందు కూర్చున్నారు. 2015లో జపాన్ పశ్చిమ రైల్వే ఒక బుల్లెట్ రైలుకి షింజీ యంత్రం తాలూకు ఊదారంగు పూసి షిన్ ఒసాకా నుంచి హకాటాకి నడిపితే, దాన్ని ఎక్కడానికే ప్రయాణం పెట్టుకున్నారు. దర్శకుడి మీద కోపం ఎంత ఉంటే మాత్రం, రైలేం చేసింది పాపం.

అన్నో 2006లో ఖారా అని సొంత స్టూడియో పెట్టుకుని, 2007 నుంచి మొత్తం కథని మొదట్నుంచీ నాలుగు సినిమాలుగా విడుదల చేయడం మొదలెట్టాడు. మొదటి మూడింటి పేర్లు 1.0, 2.0, 3.0. ఇంటికి తెచ్చుకునే డిస్కుల్లో అదే సినిమా 1.01, మరికాస్త సరిదిద్దితే 1.11. మూడోది 3.33 అయింది, ఆపైన 3.333 కూడా అయింది. దశాంశ స్థానం ఒకటి జరిగినప్పుడల్లా జేబుకి చిల్లు ఒకటి. మా లెక్కల మాస్టారు ఆవర్తిత దశాంశాలకి అంతం లేదని చెప్పేవారు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

2009లో రెండో సినిమా అందరికీ నచ్చింది. అదే ఆయన చేసిన తప్పు. దాని చివర తర్వాతి సినిమాలోవంటూ కొన్ని దృశ్యాలు చూపించారు. మూడేళ్లు ఎదురుచూసి 2012 నవంబర్లో హాల్లోకెళ్తే, ఆ దృశ్యాల్లో ఒక్కటీ లేదు. కథ పద్నాలుగేళ్లు ముందుకి దూకేసింది. షింజీ నిద్రలేచి ఏం జరిగిందని అడిగితే ఎవ్వరూ చెప్పరు. హాల్లో కూర్చున్నవాళ్ల పరిస్థితీ అదే. ఆ తర్వాత అన్నో కుంగుబాటులో పడ్డాడు. తేరుకుని 2016లో గాడ్జిల్లా సినిమా తీశాడు. ఇంట్లో పెళ్లి పెట్టుకుని పక్కవీధిలో వంటకి వెళ్లాడేమిటని విడిదింట్లో ఒకటే గోల.

ఆ ఖాళీలో, 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ పాత సీరియల్‌ని లోకానికంతటికీ చూపించింది. ఇంగ్లీషు మాటలు కొత్తగా రాయించింది. ఒక పాత్ర షింజీతో అనే చిన్న మాట పాత తర్జుమాలో "ప్రేమ" అయితే కొత్తదాంట్లో "నచ్చావు" అన్న పాటికి దిగింది. దీని మీద ప్రపంచ స్థాయిలో రగడ. జపనీస్‌లో అక్కడున్నది "సుకి". నచ్చడం నుంచి ప్రేమ దాకా అన్నీ అందులోనే. తెలుగులోకి చేయిస్తే "నువ్వంటే ఇష్టం" అని ఊరుకునేవాళ్లం, గొడవుండేది కాదు. ఇష్టం ఎంతవరకన్నది ఇంట్లో పెద్దవాళ్లు చూసుకునేవారు.

2020 జూన్ అన్నారు, జనవరి అన్నారు, కరోనా దయవల్ల ముహూర్తం రెండుసార్లు తప్పి, ఎట్టకేలకి 2021 మార్చి 8న, పనీపాటా ఉండే సోమవారం నాడు, ఆఖరి సినిమా వచ్చింది. ఆ పాతికేళ్లలో షింజీకి రే తగిన పిల్లా, ఆసుకా తగిన పిల్లా అని రెండు పక్షాలు తలలు బద్దలుకొట్టుకున్నాయి. చివరికి వాడు రైల్వే స్టేషన్లో మారి అనే అమ్మాయి చెయ్యి పట్టుకుని పరిగెత్తిపోయాడు. ఆమె కథలోకి వచ్చిందే 2009లో! ఆఖరి బంతికి వచ్చినామెకి మొదటి విస్తరి. ఆ స్టేషను అన్నో సొంతూరు ఉబేలోదే. రెండు పక్షాలూ దాన్ని తిట్టుకుంటూనే అక్కడికెళ్లి ఫొటోలు దిగి వచ్చాయి.

మావాడి అభ్యంతరం అది కూడా కాదు. నాట్లు.

సినిమా మొదట్లో, లోకం చాలావరకు పాడైపోయాక మిగిలిన ఒక పల్లెటూరు ఉంటుంది. తల్లీ తండ్రీ లేకుండా ప్రయోగశాలలో తయారైన ఒక పిల్ల, రే పోలికలతోనే ఉండేది, అక్కడికి చేరుతుంది. ఊళ్లో ఆడవాళ్లు ఆమెకి వరి నాట్లు నేర్పుతారు. బురదలో దిగుతుంది, పడుతుంది, నవ్వుతారు. పొద్దున లేస్తే ఒకరినొకరు ఎలా పలకరించుకోవాలో నేర్చుకుంటుంది. పసిపిల్లని ఎత్తుకుంటుంది. కొన్నాళ్లకి షింజీ కళ్లముందే కరిగిపోతుంది.

"భూమి బద్దలైపోతుంటే గంటసేపు నాట్లేంటి మావయ్యా? దీనికోసమా తొమ్మిదేళ్లు కూర్చుంది? ఫస్టాఫ్ మొత్తం ల్యాగ్."

"నాట్లు బానే వేశారురా. వరస తప్పలేదు."

"నీకు ఎవాంగెలియన్ అర్థం కాదులే."

నిజమే. అయితే నాకు అర్థమైన ముక్క ఒకటుంది. సినిమా మాటల్లోనూ ప్రచారంలోనూ అంతా వీడ్కోలే. అలాంటి సినిమాకి జపనీస్ పేరు చివర రెండు చుక్కలు, రెండు నిలువు గీతలు పెట్టారు. పాశ్చాత్య సంగీతం రాసుకునేవాళ్లు ఆ గుర్తు ఎందుకు వాడతారంటే, ఇక్కడిదాకా వాయించింది మళ్లీ వాయించమని. ఆ మాట మావాడికి చెబితే, అది తనకి 2021 మార్చిలోనే తెలుసన్నాడు. ఆ సినిమా జపాన్‌లో వెయ్యి కోట్లు దాటింది. యెన్లే అనుకోండి. అంతమంది నాశనమైందని నిర్ధారణ చేసుకోవడానికి ఒక్కొక్కరూ ఎన్నిసార్లు వెళ్లారో మరి.

ఈ సంక్రాంతికి మావాడు వాళ్ల ఊరు వెళ్లాడు, భీమవరం దగ్గర. పండగ వెళ్లిన మూడో రోజున మా చెల్లెలు ఫోను చేసింది.

"అన్నయ్యా, వీడి సంగతి నీకేమైనా తెలుసా?"

"ఏమైందే?"

"దాళ్వా నాట్లు మొదలయ్యాయి. నాన్నకి క్యారేజీ ఇచ్చిరారా అంటే వెళ్లి, గట్టుమీద నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడట. పాలేరు చూసొచ్చి చెప్పాడు. నిలదీస్తే, ఆ పిల్ల గుర్తొచ్చిందమ్మా అన్నాడు. ఎవరురా అంటే జపాన్ అన్నాడు."

నాకు నోట మాట రాలేదు.

"నాట్లు కూడా వేస్తుందటగా. పొద్దున్నే లేచి అందర్నీ పలకరిస్తుందట, పసిపిల్లలంటే ప్రాణమట. బుద్ధిమంతురాల్లాగే ఉంది అన్నయ్యా. మనవాళ్లు కాకపోతే కాకపోయారు, ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటున్నారు. వీడు నా దగ్గర నోరు విప్పడు. ఆ పిల్ల తల్లిదండ్రులెవరో, తండ్రి ఏం చేస్తుంటాడో కాస్త నువ్వు కనుక్కుని చెప్పు."