పొరుగింటి పొట్ట

2024 జూన్‌లో లాన్సెట్ వైద్య పత్రికలో వ్యాయామం లెక్కలు రాగానే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో దేశభక్తి పొంగింది. మనలో సగం మంది ఒళ్లు కదపడం లేదన్నందుకు కాదు, పాకిస్తాన్ వాళ్లు మనకంటే కాస్త ఎక్కువ కదుపుతున్నారన్నందుకు! 2022లో కదలనివాళ్లు మనకు 49.4 శాతం, వాళ్లకు 45.7. ఆ నెల తొమ్మిదిన న్యూయార్క్‌లో క్రికెట్‌లో వాళ్ల మీద ఆరు పరుగుల తేడాతో గెలిచి తెచ్చుకున్న పరువు కాస్తా సోఫాల్లో పోగొట్టుకున్నాం.

వెంటనే ఒక రిటైర్డ్ పెద్దాయన, కుర్చీలోంచి లేవకుండానే, ఎదురుదాడికి దిగారు. ఊబకాయం పట్టిక వెతికి పట్టుకొచ్చారు. అందులో పాకిస్తాన్ మనకంటే చాలా పైనుంది. ఇక చప్పట్లే చప్పట్లు, జెండాలే జెండాలు. ఆ పూట బొటనవేళ్లకు మంచి వ్యాయామం.

ఇంకొకాయనకు సందేహమొచ్చింది: "ప్రపంచ పట్టికల్లో బీఎంఐ 30 దాటితేనే ఊబకాయం అంటారు. మన డాక్టర్లు 25కే అంటున్నారు కదండీ?" అంటారు మరి. తక్కువ బరువుకే షుగరొచ్చే ఒళ్లు మనవి. పాకిస్తాన్ వాళ్లవీ అవే ఒళ్లు. 1947లో దేశానికి గీత గీసినవాళ్లు పొట్టలకు వేరే గీత గీయలేదు. ఇంత చెప్పినా, 30 దగ్గరే గెలుస్తున్నాం కాబట్టి 30 దగ్గరే ఉందామని గ్రూపు ఏకగ్రీవంగా తీర్మానించింది.

నేపాల్, భూటాన్‌లలో అదే లాన్సెట్ లెక్కల్లో కదలనివాళ్లు పది శాతం లోపే. "వాళ్లకు కొండలున్నాయి లెండి" అని తేల్చేశారు. మన్యంలో కావడి భుజాన వేసుకుని కొండ దిగి సంతకొచ్చేవాళ్లు మన గ్రూపులో లేరు కదా!

పక్క దేశం దాకా ఎందుకు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువున్న ఆడవాళ్లు దేశం మొత్తం మీద 24 శాతం. తెలంగాణలో 30, ఆంధ్రలో 36. దీనికి ఏ జెండా పెడతారు?

నవ్వింది చాలు. 2000లో మనలో కదలనివాళ్లు 22 శాతమే. ఇరవై రెండేళ్లలో బద్ధకం అంటురోగంలా సోకిందా? నడిచే చోటు మింగేశారు. మా వీధి చివర ఫుట్‌పాత్ చూడండి. ముందు ట్రాన్స్‌ఫార్మర్, దాన్నానుకుని టీ బండి, ఆపైన మూత లేచిపోయిన డ్రైనేజీ, ఆ తర్వాత షోరూమ్ మెట్లు. కిందికి దిగితే రాంగ్ రూట్‌లో బైకు. ఆడవాళ్లలో 57 శాతం కదలడం లేదని టీవీలో నిట్టూర్చారు. చీకటి పడ్డాక ఆడపిల్ల ఆ రోడ్డు మీద నడిస్తే దాన్ని వాకింగ్ అనరయ్యా, "ఇంతసేపూ ఎక్కడ తిరుగుతున్నావ్?" అంటారు. డాక్టర్లు చెప్పే వారానికి 150 నిమిషాలు ఆమె ఎక్కడ నడవాలి? మేడ మీద నీళ్ల ట్యాంకు చుట్టూనా? కరాచీలో ఎవరి నడుమెంతో తెలిస్తే ఇక్కడ ఒక్క డ్రైనేజీకైనా మూత పడుతుందా?

మునిసిపల్ ఆఫీసుకెళ్లి ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడు జరుపుతారో అడగండి. అక్కడ లిఫ్టు పనిచేయదు, మూడంతస్తులు మెట్లెక్కాలి. ఆ పూట వ్యాయామం ఖాతాలో వేసుకోండి.