కొబ్బరికాయకు ఓటమి లేదు

పల్నాడులో, కారంపూడి చుట్టుపక్కల చేలో బోరు వేయాలంటే ముందు రావలసింది రిగ్గు బండి కాదు, పీచు ఒలిచిన కొబ్బరికాయ. పాయింటు చూసే పెద్దమనిషి దాన్ని అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకొని, పిలక వేళ్ళ వైపు ఉంచి, చెప్పులు విడిచి చేను నాలుగు మూలలా తిరుగుతాడు. ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. ఇక అక్కడ ఒక రాయి, దానికి పసుపూ కుంకుమా. తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు బండి ఆ రాయి పెట్టిన చోటే ముక్కు ఆనించి, అడుగుకింత చొప్పున నేలను తొలుస్తుంది. నీళ్ళు పడితే కాయ మహిమ. పొడి లేస్తే రైతు ఖర్మ. న్యూటన్ అంతటివాడి సూత్రాలకే ఐన్‌స్టీన్ వచ్చి హద్దు గీశాడు. గెలిచినా తనదే గెలుపు, ఓడినా ఎదుటివాడిదే ఓటమి అనే సిద్ధాంతాన్ని మాత్రం ఇంతవరకు ఏ విశ్వవిద్యాలయమూ తయారు చేయలేకపోయింది. మన మిరప చేలల్లో అది కొబ్బరికాయ ఖరీదుకే దొరుకుతోంది.

ఈ విద్యకు కొన్నేళ్ళుగా లేబొరేటరీ వాసన కూడా అబ్బింది. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళ చేతిలోనే కాయ లేస్తుందట. రక్తంలో గ్రూపులు ఉన్నాయని కార్ల్ లాండ్‌స్టైనర్ కనిపెట్టింది 1901లో. అంతకుముందు తరతరాలుగా పాయింట్లు చూసిన తాతలు ఏ రిపోర్టు చేతపట్టుకొని చేలోకి దిగారో తెలియదు. పోనీ, ఉన్నదే అనుకుందాం. ఓ గ్రూపు అంటే ఎర్ర కణాల మీద ఏ, బీ గుర్తులు రెండూ లేకపోవడం. అంటే మూడు వందల అడుగుల లోతున ఉన్న నీటిని పసిగట్టే శక్తి ఒక వస్తువు ఉండటం వల్ల కాదు, లేకపోవడం వల్ల వస్తోందన్నమాట. ఇంకో చిక్కు కూడా ఉంది. మన దేశంలో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా ఓ పాజిటివే. ఊళ్ళో మూడో వంతు జనానికి పుట్టుకతో వచ్చిన విద్యకు రుసుము ఎందుకు, పక్క మండలం నుంచి కారు పంపించి పిలిపించడం ఎందుకు? ఇంట్లో అత్తగారి చేతిలో కాయ పెడితే సరిపోదా? ఈ ప్రశ్న వేస్తే దొరికే జవాబు ఒక్కటే: రక్తం ఒక్కటే చాలదు, నిష్ఠ కావాలి. నిష్ఠను కొలిచే పరికరం ఎలాగూ లేదు కాబట్టి సిద్ధాంతం మళ్ళీ క్షేమం.

హాస్యం పక్కన పెట్టి నేల సంగతి చూద్దాం. పల్నాడు కింద ఉన్నది ఎక్కువగా సున్నపురాయి, పలకరాయి, వాటితో పాటు క్వార్ట్‌జైట్. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, దాచేపల్లి, మాచర్ల సిమెంటు ఫ్యాక్టరీలకు తిండి పెడుతున్నది ఆ సున్నపురాయే. ఇసుక నేలలో నీరు స్పంజిలో ఉన్నట్టు అంతటా ఉంటుంది. సున్నపురాయిలో అలా ఉండదు. రాయి గట్టిది, నీటికి దారి ఇవ్వదు. ఉన్న దారల్లా పగుళ్ళు, అతుకులు, వేల ఏళ్ళుగా వాన నీరు రాతిని కరిగించి చేసుకున్న సందులు. గుత్తికొండ బిలం లోపలికి దిగి అక్కడి నీటిని చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఆ బిలం ఎవరూ తవ్వింది కాదు, నీళ్ళు తొలిచింది. ఇలాంటి నేలలో బోరు పగులును తాకితే రెండించుల నీళ్ళు, తాకకపోతే తెల్ల పొడి. రెండిటి మధ్య దూరం పది గజాలు కూడా ఉండకపోవచ్చు. భూమిలో జల నాళాలు ఉంటాయని పాయింటు చూసేవాళ్ళు చెప్పే మాట ఇక్కడ పూర్తిగా అబద్ధం కాదని ఒప్పుకోవాలి. పేచీ అల్లా నాళం ఉందా లేదా అని కాదు, అది కాయకు ఎలా తెలిసింది అన్నదే.

కాయ లెక్కలో పడే గెలుపుల్లో ఎన్ని దాని సొంతమో కూడా చూడాలి. నెహ్రూ 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. అప్పటి నుంచి కుడి కాలువ పారిన మేరా ఊట నేలలోకి దిగుతూనే ఉంది, పొలాల్లో పెట్టిన తడి కూడా కొంత కిందికి ఇంకుతూనే ఉంది. కాలువ కింది పొలాల్లో, నాగులేటి గట్టు వెంట బోరు వేసి నీళ్ళు పడటానికి దివ్యదృష్టి అక్కర్లేదు. కళ్ళకు గంతలు కట్టుకొని రాయి విసిరి, అది పడ్డచోట తవ్వినా చాలాసార్లు జల తగులుతుంది. ఇంజనీర్లు, ప్రాణాలకు తెగించి పనిచేసిన కూలీలు, కృష్ణమ్మ కలిసి తెచ్చిన నీటికి కొబ్బరికాయ రసీదు రాస్తోంది. అదే పెద్దమనిషిని కాలువ ఎక్కని మెట్ట మీదికి, రాతి నేల మీదికి తీసుకెళ్ళి వరసగా ఇరవై పాయింట్లు పెట్టించి, పక్కనే గుడ్డిగా ఇరవై గుర్తులు పెట్టి, రెండూ తవ్వి చూసే పని ఎవరైనా చేస్తే తెలిసేది. ఖర్చుకు భయపడి ఎవరూ చేయరు. ఆ భయం మీదే ఈ విద్య బతుకుతోంది.

ఇలాంటి పరీక్ష వేరే దేశాల్లో జరగకపోలేదు. అక్కడ కాయ బదులు పంగకర్ర, అంతే తేడా. జర్మనీలో మ్యూనిక్ దగ్గర 1987, 1988ల్లో ప్రభుత్వ సొమ్ముతో, ఆ విద్య మీద నమ్మకం ఉన్న శాస్త్రవేత్తలే అలాంటి పరీక్ష ఒకటి నడిపారు. అయిదు వందల మందిని వడపోసి 43 మంది ఉద్దండులను ఎంచుకున్నారు. ఒక కొట్టం కింది అంతస్తులో నీళ్ళు పారే పైపును బండి మీద పెట్టి పది మీటర్ల గీత వెంట జరుపుతారు, పై అంతస్తులో ఉన్న నిపుణుడు అది ఏ జాగాలో ఉందో చెప్పాలి. మొత్తం 843 ప్రయత్నాలు. నడిపినవాళ్ళు కొందరికి శక్తి ఉందని తేల్చారు. తర్వాత జేమ్స్ ఎన్‌రైట్ అనే అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు అవే అంకెలు ముందేసుకొని మళ్ళీ లెక్క కట్టాడు. 43 మందిలో 37 మందికి ఏ శక్తీ లేదు. మిగిలిన ఆరుగురిలో అందరికన్నా మెరుగైనవాడు, ప్రతిసారీ కళ్ళు మూసుకొని ‘సరిగ్గా మధ్యలో’ అని చెప్పే మనిషికన్నా సగటున 4 మిల్లీమీటర్లు దగ్గరగా వచ్చాడు. పది మీటర్లకు నాలుగు మిల్లీమీటర్లు! అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఇంకా ముందే, 1917లోనే, ఈ విద్య చరిత్రంతా తిరగేసి, దీని పరీక్షల మీద ఇక ప్రజాధనం ఖర్చు పెట్టడం దుబారా అని రాసి ఊరుకుంది.

మరి కాయ లేవడం అబద్ధమా? కాదు, లేస్తుంది. చూసేవాళ్ళ కళ్ళు మోసపోవడం లేదు, చాలామంది పాయింటు చూసేవాళ్ళు మోసగాళ్ళూ కారు. ఫ్రాన్సు రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్ ఈ ముడి 1833లోనే విప్పాడు. దారానికి బరువు కట్టి పాదరసం మీద పట్టుకుంటే అది ఊగుతోంది, మధ్యలో గాజు పలక పెడితే ఆగుతోంది. ఆయన కూడా మొదట అబ్బురపడ్డాడు. తర్వాత తన కళ్ళకు గంతలు కట్టించుకొని, తనకు తెలియకుండా గాజు పెట్టమని, తీయమని సహాయకుడికి చెప్పాడు. మహిమ మాయమైంది. ఊగాలని మనసు ఎదురుచూస్తే చేతి కండరాలు యజమానికి చెప్పకుండానే ఆ పని చేసిపెడతాయి. 1852లో ఇంగ్లండులో కార్పెంటర్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ఒక పేరు కూడా పెట్టాడు. కొబ్బరికాయ ఇందుకు పుట్టించినట్టున్న వస్తువు: గుండ్రటిది, లోపల నీళ్ళు కదులుతాయి, అరచెయ్యి వెంట్రుకవాసి వంగినా దొర్లుతుంది. అనుభవం ఉన్న మనిషి పల్లం ఎక్కడుందో, చెట్టు ఎక్కడ పచ్చగా ఉందో, పక్క చేలో ఎవరి బోరు పోస్తోందో తెలియకుండానే గమనిస్తాడు. కళ్ళు చూసింది చెయ్యి చెబుతుంది, పేరు కాయకు వస్తుంది.

ఇంతవరకు చదివినవాళ్ళు శ్రీలంక సంగతి అడుగుతారు, అడగాలి కూడా. జర్మన్ సాయంతో అక్కడ సాగిన నీటి పథకంలో ఒక జర్మన్ నిపుణుడు కర్రతో చూపిన 691 బోర్లలో 96 శాతం సఫలమయ్యాయని మ్యూనిక్ పరీక్షలు నడిపిన బృందంలోని బెట్జ్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడే 1995లో ప్రచురించాడు. అంకె గట్టిదే. కానీ అదే నేలలో, కర్ర లేకుండా, అంతే అనుభవం ఉన్న మనిషి చూపిన చోట బోర్లు వేస్తే ఎన్ని సఫలమయ్యేవి? పక్కన అలాంటి బోర్లు వేసి పోల్చలేదు. పోలిక లేని 96 శాతం, పోటీదారు లేని ఎన్నికలో వచ్చిన మెజారిటీ లాంటిది.

ఇంకో అభ్యంతరం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: ఇది మన ఋషుల విద్య. కానీ పంగకర్ర ఆనవాళ్ళు స్పష్టంగా దొరికేది యూరపు గనుల్లో. 1556లో అచ్చయిన అగ్రికోలా పుస్తకంలో దాని బొమ్మ ఉంది, నిజమైన గని పనివాడికి ఆ కర్ర అక్కర్లేదన్న సలహా కూడా ఉంది. మన వైపున చూపవలసింది ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహిత. అందులో దకార్గళం అని నీటి జాడల మీద ఒక అధ్యాయమే ఉంది. ఏ చెట్టుకు ఏ దిక్కున పుట్ట ఉంటే ఎన్ని మూరల దూరంలో, ఎన్ని పురుషుల (మనిషి నిలువుల) లోతున నీరు ఉంటుందో, దారిలో ఏ రంగు మట్టి, ఎలాంటి రాయి తగులుతుందో ఆయన చెప్పుకుంటూ పోయాడు. అరచేతిలో కాయ నిలబెట్టే పద్ధతి అందులో లేదు. తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇ.ఎ.వి. ప్రసాద్ ఆ శ్లోకాలను నేటి శాస్త్రంతో సరిచూసి పుస్తకమే రాశారు. చెదలకు తేమ కావాలి, కొన్ని చెట్ల వేళ్ళు నీటిమట్టం దాకా దిగుతాయి. కాబట్టి ఆ సూచనల్లో కొన్నిటికి బలం ఉంది, కొన్నిటికి ఉండకపోవచ్చు. అసలు విశేషం వేరు. దిక్కు, దూరం, లోతు ముందే చెప్పడం వల్ల, తవ్వి చూసి ‘వరాహమిహిరా, ఇక్కడ నువ్వు తప్పావు’ అనే హక్కు ఆయన మనకు ఇచ్చాడు. ఆయన పేరు చెప్పుకొనే కాయ ఆ హక్కు ఇవ్వదు.

‘జియాలజిస్టు పెట్టిన పాయింటు మాత్రం ఫెయిలవడం లేదా’ అన్న మాటలో నిజం ఉంది. జియాలజిస్టు మిషనుతో నాలుగు ఊచలు పాతి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య కొలిచే పద్ధతి వందేళ్ళ నాటిది. ఎండు రాయి కరెంటును అడ్డుకుంటుంది, నీరు నిండిన పగుళ్ళ రాయి దారి ఇస్తుంది. కానీ బంకమట్టీ, పలకరాయీ కూడా దారి ఇస్తాయి. పలకరాయికి కొదవ లేని పల్నాడులో మిషను పొరపడటానికి కావలసినంత చోటుంది. పైగా ఆ మిషను రైతు గుమ్మంలోకి రావడమే అరుదు. 2020 సెప్టెంబరులో మొదలైన వైఎస్సార్ జలకళ పథకంలో ఉచిత బోరుకు ముందు శాస్త్రీయ సర్వే ఉండాలన్నారు. దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తే జియాలజిస్టు రావడం కన్నా మిరప ఎండిపోవడమే ముందుగా జరిగిపోయేది. కాయ పెద్దమనిషి ఫోను చేస్తే సాయంత్రానికి వస్తాడు. రైతు మూర్ఖుడై కాయను నమ్మడం లేదు, పిలిస్తే వచ్చేది అదొక్కటే కాబట్టి నమ్ముతున్నాడు. ఈ నిందలో సగం ప్రభుత్వానిది. కానీ ఒక తేడా మరవకూడదు. మిషను తప్పితే ఎందుకు తప్పిందో కాగితం మీద గీత ఉంటుంది, మళ్ళీ చూసుకోవచ్చు. కాయ తప్పితే మిగిలేది చట్నీ.

‘పోనిద్దురూ, కాయతో నష్టమేముంది’ అనేవాళ్ళు నష్టాన్ని కాయ ఖరీదుతో కొలుస్తున్నారు. నష్టం కాయది కాదు, దాని మాట మీద తొలిచిన వందల అడుగులది, కేసింగుది, వడ్డీది. ఒక పాయింటు పోతే ‘ఈశాన్యాన ఇంకోటుంది’ అంటాడు, అక్కడా రిగ్గు దిగుతుంది. ఫెయిలైన బోరు నోరు మూయడానికి చేతిలో పైసా మిగలదు. 2017 ఆగస్టులో వినుకొండ మండలం ఉమ్మడివరంలో రెండేళ్ళ పసివాడు అలాంటి గుంటలోనే పడ్డాడు. అర్ధరాత్రి దాటేదాకా పక్కన తవ్వి ప్రాణాలతో తీశారు కాబట్టి ఆ కథ సుఖాంతమైంది.

పందేలు ఈ గడ్డకు కొత్త కావు. పల్నాటి కథలో నాగమ్మ, బ్రహ్మనాయుడు రాజ్యాన్నే కోడిపందెం మీద పెట్టారు, ఓడినవాళ్ళు ఏడేళ్ళు వలస పోయారు. కానీ ఆ పందెంలో రెండు కోళ్ళున్నాయి, ఏది ఓడిందో ఊరంతా చూసింది. కాయ పందెంలో ఉన్నది ఒక్క కాయే. అందుకే దానికి ఓటమి లేదు. ఓటమి రాసిపెట్టే పుస్తకం ఉంటే కథ మారుతుంది. బావులు, బోర్లు నమోదు కావాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతూనే ఉంది. పక్కనున్న ప్రకాశం సహా ఏడు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సాయంతో నడిచిన పథకంలో రైతులే వానను, బోర్ల నీటిమట్టాన్ని కొలిచి గోడల మీద రాశారు, కాబట్టి పల్లెటూరివాళ్ళకు ఇవి చేతకావన్న సాకు చెల్లదు. ప్రతి గ్రామ సచివాలయంలోనూ ఒక రిజిస్టరు పెట్టి అయిదు గళ్ళు గీస్తే చాలు: పాయింటు ఎవరు చూపారు, దేనితో చూపారు, ఎన్ని అడుగులు వేశారు, ఎన్ని ఇంచులు పడ్డాయి, మరుసటి వేసవికి ఎంత మిగిలింది. మూడేళ్ళు రాస్తే కాయ గెలిచిందో, మిషను గెలిచిందో, సాగర్ కాలువ గెలిచిందో ఎవరైనా కూడి చూసుకోవచ్చు. కాయే గెలిస్తే ఈ వ్యాసాన్ని చించి పారేయండి, అభ్యంతరం లేదు.

ఆ రిజిస్టరు వచ్చేదాకా రైతు సోదరులకు ఒక విన్నపం. రిగ్గు బండి చేలోకి దిగకముందే, ఎన్ని అడుగులకు ఎన్ని ఇంచులు పడతాయో పాయింటు చూసినాయన చేత కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. పొడి లేస్తే రుసుము వాపసు అని కూడా అందులో ఉండాలి. సంతకం పెట్టనంటే బండికి అడ్వాన్సు ఇవ్వకండి.