రాణీ రంగు

మా యింటి కంప్యూటరు తెరకు రంగు మారిన సంగతి మొట్టమొదట కనిపెట్టినవాడను నేనే యైనను, అది ఏ రంగునకు మారినదో చెప్పలేకపోయినందున ఆ ఖ్యాతి నాకు దక్కలేదు. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి పింఛను పుచ్చుకొనుచున్నవాడను. ఎఱుపునకును నలుపునకును ఎన్ని పర్యాయపదములున్నవో నిద్రలో లేపి యడిగినను అప్పగింపగలవాడను. కాని ఆ పదములలో ఏది ఏ వస్తువుమీద వ్రాలియున్నదో కంటితో చూచి తేల్చవలసిన అగత్యము ఉద్యోగకాలములో నాకెన్నడును కలుగలేదు. పరీక్షాధికారులు కూడ అడుగలేదు.

2002వ సంవత్సరములో, డల్లాసులో ఉద్యోగము చేయుచున్న మా అబ్బాయి సెలవుమీద వచ్చి, తిరిగి పోవుచు సత్యనారాయణపురములోని మా ముందుగదిలో ఈ యంత్రమును ప్రతిష్ఠించి పోయెను. ఈనాటి పలక తెరలు మాత్రమే చూచినవారు ఆనాటి గాజుబుడ్డి తెర బరువు చెప్పిన నమ్మరు. దానిని ఆటోలోనుండి దింపుటకు ఇద్దరు మనుష్యులు పట్టిరి. వెనుకకు ఎద్దుమూపురమువలె పెరిగిన దాని వీపుమీద మా ఆవిడ క్రోషియా గుడ్డ కప్పినది. గాలి యాడదని అబ్బాయి ఎంత మొత్తుకొన్నను ఆ గుడ్డ తొలగలేదు.

ఘంటసాలవారి పాటలు వినవలెనను కోరికతో నేను చేసిన పని యిక్కడ చెప్పవలసియున్నది. కంప్యూటరునకు వేఱుగా స్పీకర్లు కొనుట దండుగ యని తలచి, అటకమీద పడియున్న పాత టేపురికార్డరు తాలూకు పెద్ద స్పీకర్లను, వాని ఆంప్లిఫయరుతో సహా దింపి, దుమ్ము దులిపి, తెరకు చెరియొక ప్రక్కను జయవిజయులవలె ఆనించి నిలిపితిని. తరువాత కలిగిన సమస్తానర్థములకును ఈ పొదుపే మూలము.

దసరాలు ప్రవేశించిన రెండవనాడు తెర కుడిమూల నేరేడుపండు చిదిమి పూసినట్లు ఒక మరక కనబడెను. సాయంకాలమునకు ఎడమవైపునను, ఆకుపచ్చ చాయలో, దాని తోబుట్టువు వెలసెను. మేడమీద అద్దెకున్న ఇంజనీరింగు కుఱ్ఱవాడు చూచి "వైరస్, తాతగారూ" అని తేల్చి పోయెను. ప్రక్కయింటి వారు, నీటిపారుదలశాఖలో ఓవర్సీరుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు, తెరను వ్రేలితో కొట్టి, చెవియొగ్గి విని, "గండి పడింది మాస్టారూ" అనిరి. మా ఆవిడ మాత్రము ఏమియు తొట్రుపడలేదు. "కొండమీద అమ్మవారికి రోజుకో రంగు చీర కడుతున్నారు కదండీ, దీనికీ అదే పట్టుకుంది. మూలానక్షత్రం నాడు సరస్వతీ అలంకారం, ఆ వేళకి తెల్లగా అవుతుందిలెండి" అనినది.

మూలానక్షత్రము వచ్చి పోయెను. ఇంద్రకీలాద్రిమీద అమ్మవారు తెల్లచీర కట్టెను. మా తెర కట్టలేదు. అప్పుడు గవర్నరుపేటనుండి ఒక మెకానిక్కు కుఱ్ఱవానిని రప్పించితిని. అతడు గడపలోనుండియే జయవిజయులను చూచి నవ్వి, "ముందు వీళ్ళని బయటికి పంపండి సార్" అనెను.

అతడు చెప్పినదానిని ఓవర్సీరుగారు తమ శాఖాభాషలోనికి తర్జుమా చేసినగాని నాకు బోధపడలేదు. గాజుబుడ్డి వెనుకనుండి ఎఱుపునకొకటి, ఆకుపచ్చకొకటి, నీలమునకొకటి, మూడు ఎలక్ట్రాను ధారలు బయలుదేరును. గాజునకు లోపల సన్నని చిల్లుల లోహపు రేకొకటి యుండును. ఒక్కొక్క ధారయు తన కోణముననే ఆ చిల్లులో దూరి తనకు నియమించిన రంగుచుక్కమీదనే పడునట్లు దానిని అమర్చియుందురు. "బ్యారేజీ దగ్గర తూర్పు కాలువ ఒకటే మాస్టారూ. ఊళ్ళోకొచ్చాక బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ అని మూడవుతుంది. ఏ కాలువ నీళ్ళు ఆ ఆయకట్టుకే పోవాలి. మీ స్పీకర్లో అయస్కాంతం ఉంది చూశారూ, అది గట్టు తెంపింది. బందరు నీళ్ళు ఏలూరు చేలో పడుతున్నాయి." 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి 1957లో దానికి బదులు ప్రకాశం బ్యారేజీ వచ్చువరకు జరిగిన సమస్తమును ఆయన ఆ పూటనే చెప్పి యుండెడివారు గాని, కుఱ్ఱవాడు తొందరలో నుండెను.

స్పీకర్లను తీసినను మరక పోలేదు. అయస్కాంతపు సహవాసదోషము ఆ రేకునకు అప్పటికే పట్టియున్నదట. తెరలోనే "డీగాస్" అను నొక మీట యున్నది. దానిని నొక్కగానే లోపల "ధుమ్ము"మని యొక హుంకారము, తెరమీది బొమ్మ భూకంపము వచ్చినట్లు ఊగులాట, మఱుక్షణమున సర్వము నిర్మలము! రెండవ ప్రపంచయుద్ధములో జర్మనీవారు సముద్రమున వేసిన అయస్కాంతపు మైనులనుండి తమ ఓడలను కాచుకొనుటకు బ్రిటిషువారు అవలంబించిన ఉపాయమట యిది. దానికి పెట్టిన పేరు మాత్రము గౌస్ అను జర్మనీ గణితవేత్తది. శత్రువు మందుపాతరకు శత్రువు పేరే విరుగుడు కావించిన ఆ రసికు లెవరో గాని, నాకు వారియందు గౌరవము కలిగినది.

ఆ రాత్రి జయవిజయులను అటక యెక్కించుటకై బల్లను ముందుకు లాగితిని. వెనుక నేదో తీగ యూడివచ్చెను. చీకటిలో దానిని పట్టుకొని, ఒకసారి దూరకపోగా త్రిప్పి, త్రిప్పినను దూరకపోగా మఱల త్రిప్పి, చివరకు గురువునకు తగని బలప్రయోగముతో లోనికి నెట్టితిని. ఉదయమున యంత్రము తెరువగా తెర యావత్తు, మూలలు నడుమ అను భేదములేక, ఒక్క రంగున నుండెను. తెలుపు అనునది లోకమునుండి నిష్క్రమించినది.

తెరమీది దృశ్యమును పటముగా పట్టి పంపు మీట యొకటి కలదని అబ్బాయి నేర్పియుండెను. ఆ ప్రకారము పటము తీసి డల్లాసునకు ఈమెయిలు చేసితిని. వాడు రాత్రికి ఫోను చేసి, "నాన్నా, మీరు పంపినదాంట్లో రంగులన్నీ బాగానే ఉన్నాయి. మీరొకసారి కళ్ళు చూపించుకోండి" అనెను. ఆ మీట యంత్రము మనస్సులోని బొమ్మను పంపునే గాని తెరమీది బొమ్మను పంపదని, లోపము తీగలో నున్నను గాజులో నున్నను ఆ పటమునకు అంటదని నాకు తెలియదు. అమెరికాలో కంప్యూటర్లతోనే బ్రదుకుచున్న వానికిని ఆ క్షణమున తోచలేదు. రోగి తన ఫొటోను వైద్యునికి పంపబోయి జాతకచక్రము పంపినట్లయినది.

కంటివైద్యుడు 1917లో ఇషిహారా యను జపాను వైద్యుడు ప్రకటించిన చుక్కల పుస్తకమును నా యెదుట తెఱచెను. రంగురంగుల చుక్కల గుంపులో దాగిన అంకెలను చదువవలెను. మొదటి పుటలోని 12ను రంగులు తెలియనివారు కూడ చదువగలరని తరువాత తెలిసినది గాని, అప్పటికి నేను దానిని విజయోత్సాహముతో చదివితిని. తక్కినవియు తప్పలేదు. "రంగులు బ్రహ్మాండంగా కనపడుతున్నాయి మాస్టారూ" అని ఆయన మెచ్చుకొని, వచ్చినందుకు క్రొత్త కళ్లజోడు వ్రాసి యిచ్చెను.

ఇక మెకానిక్కుకు ఫోను చేయక తప్పలేదు. 

"తెల్లగా ఉండాల్సిన చోట ఏ రంగు కనపడతంది సార్?"

గొంతు సవరించుకొని, "పాటలవర్ణము నాయనా" అంటిని.

"పాటలా? స్పీకర్లు మళ్ళీ పక్కన పెట్టారా?"

"ఆ పాటలు కావు. పాటలము, అనగా శ్వేతరక్తము..."

"రక్తమా! షాకు కొట్టిందా సార్? ఫోను అమ్మగారికివ్వండి, మీరేం ముట్టుకోమాకండి!"

మా ఆవిడ పుట్టిల్లు పెడన. కలంకారీ అద్దకములు చేయు వీథిలో పెరిగిన మనిషి. కరక్కాయయు పాలును పట్టించి యారవేసిన గుడ్డమీద పటికనీళ్లు అద్దినచో అప్పటికి ఏమియు కనబడదు, ఉడుకబెట్టిన తరువాత అచ్చోటనే యెఱుపు పట్టును. తుప్పు ఇనుమును బెల్లపునీళ్లలో నానవేసిన కషాయము తగిలినచోట నలుపు తేలును. చిన్ననాడు ఇవన్నియు చూచినదగుటచేత, కనబడు రంగునకు కనబడని కారణముండునని ఆమెకు పుట్టుకతో తెలియును. ఇంతేగాక, ఉల్లిపొర రంగు వేఱు, గంధపు రంగు వేఱు, ముక్కుపొడి రంగు వేఱు అని బీసెంటురోడ్డులో చీరల దుకాణములవారితో వాదించి నెగ్గిన చరిత్ర కలదు. ఆమె ఫోను పుచ్చుకొని తెరవైపు ఒక్కసారి చూచి, "రాణీ రంగు బాబూ" అనినది.

"అయితే గ్రీన్ పోయింది అమ్మగారూ" అని అతడు తక్షణమే చెప్పెను.

నాకు అవమానమైన మాట నిజమే గాని ఆశ్చర్యము అంతకంటె నెక్కువ. ఎఱుపు, పచ్చ, నీలపు కాంతులు మూడును కలిసినగాని తెలుపు కాదట. పచ్చ తప్పుకొన్నచో ఎఱుపును నీలమును మిగిలి రాణీ రంగగును; నీలము తప్పుకొన్నచో పసుపు; ఎఱుపు తప్పుకొన్నచో నీలమునకును పచ్చకును నడిమి రంగు. ("లేత నెమలికంఠం" అని మా ఆవిడ లోపలినుండి సవరించినది.) ఓవర్సీరుగారికి ఇది మఱింత తేలికగా నుండెను: "మొన్న గండి, ఇవాళ కాలువ కట్టేశారు. అంతే."

తీగను ఊడదీసి తెరను మాత్రమే వెలిగించి చూడుమని అతడు ఫోనులోనే చెప్పగా, నేను ముట్టరాదను నిషేధము అమలులోనున్నందున, మా ఆవిడయే తీసి చూచినది. తెర తనంతట తాను ఎఱుపు, పచ్చ, నీలపు గడులు మూడింటిని చక్కగా చూపి, తీగ తగులలేదని ఇంగ్లీషులో మనవి చేసికొనెను. గాజుబుడ్డి నిర్దోషి.

మఱునాడు కుఱ్ఱవాడు వచ్చి తీగ కొనను వెలుతురులో పట్టి చూపెను. మూడు వరుసలలో పదునైదు సూదులు. మొదటి వరుసలో మొదటి మూడును ఎఱుపు, పచ్చ, నీలములవి. రెండవది నేలకు సాగిలపడి నమస్కారము చేయుచుండెను. 

"దీన్ని ఎవరు దూర్చారు సార్ ఇంత బలంగా?"

నేను ఓవర్సీరుగారివైపు చూచితిని. ఆయన కిటికీలోనుండి వీథిని చూచుచుండిరి.

మా ఆవిడ కుట్టుసూదితో అతడు దానిని మెల్లగా నిలబెట్టెను. తీగ తగిలించి మీట నొక్కగా తెర మల్లెపూవువలె తెల్లగా వెలిగెను. క్రొత్త కళ్లజోడు పెట్టుకొని కన్నులపండువుగా చూచుచుండగా, ఆ తెలుపు ప్రక్కను వెనుకగోడ నా దృష్టికి వచ్చెను. అబ్బాయి పెండ్లికి వెల్లవేయించిన గోడ. నేటివఱకు తెల్లనిదనియే నా నమ్మకము.

"ముక్కుపొడి రంగు" అని నేను ధైర్యము చేసితిని.

"గంధం రంగండీ" అని మా ఆవిడ.

ఆ సాయంత్రమే రంగులు వేయు మేస్త్రికి ఫోను చేసితిని. "ఏ రంగు వేయమంటారు మాస్టారూ?" అని అతడు అడిగిన వెంటనే, మారుమాటాడక ఫోను ఆమె చేతికిచ్చి, నీళ్లు త్రాగుటకు లోనికి పోయితిని.