గవ్వల తట్ట ఆత్మకథ

వెదురుబద్దలతో అల్లబడి, ఆవుపేడయు పసుపును కలిపి మెత్తిన పూత ఆరకమునుపే వరుసగా గవ్వలు పొదుగబడిన తట్టను నేను. నా గవ్వలు పోలేరమ్మ యనియు, నాతో తిరుగు బుట్ట కొల్లాపురమ్మ యనియు సోది చెప్పు ఎరుకల స్త్రీలు కొలుచుచుందురు. శంషాబాదు వీధులలో నా యజమానురాలి చంకనెక్కి తిరుగుచు నేను వినని గుట్టు లేదు.

సోది యడుగు ఇల్లాలు చేటలో గుప్పెడు బియ్యము పోసి చేయి చాచగా, మా ముసలామె కోలతో ఆ చేతిని తాకి, వేల్పులను పేరుపేరున పిలిచి, "నీ మనసుల దిగులున్నది బిడ్డా" యని యెవరికైనను చెల్లు మాటతో ఆరంభించును. తక్కినది అడుగవచ్చినామె కనుబొమలు చెప్పును, పెదవులు చెప్పును, తుదకు నోరే చెప్పును. 2008 మార్చిలో ఇచ్చట విమానాశ్రయము తెరువబడిన పిదప వాన, పెండ్లి, సంతానమను పాత ప్రశ్నలకు వీసా యను క్రొత్త ప్రశ్న తోడయ్యెను. కొడుకునకు అమెరికా వీసా వచ్చునా యని యొక తల్లి యడుగగా, "భూమి మీద బరువున్నది బిడ్డా" యని ముసలామె అనెనో లేదో, "కాగితాలు కుదువబెట్టిన సంగతి మా ఆయనకు తెల్వదు గదమ్మా!" యని యామె గొల్లుమనెను. ఆ మగడు గడపలోనే నిలిచియుండెను. సోదికి పోతే పాతరంకు బయటపడినట్లను సామెత ఏ కవియు కల్పించినది కాదని నాడు తెలిసికొంటిని.

గ్రీకుల సామెతలలో కొన్నియు ఇట్లే పుట్టినవని ముసలామె మనుమడు చదివి వినిపించెను. సిసిలీ ద్వీపమందలి కమరీనా పురవాసులు తమ ప్రక్కనున్న చిత్తడి మడుగును ఎండగట్టవచ్చునా యని అపోలో దేవుని అడిగిరట. "కమరీనాను కదల్పకుము" అని వాక్కు వెలువడెను. వారు వినక ఎండగట్టగా, ఆరిన ఆ నేలమీదుగానే శత్రువులు నడచివచ్చి పురమును పట్టుకొనిరి. క్రీ.పూ. 479లో ప్లాటియా యుద్ధమున కూలిన పారసీక సేనాని మర్దోనియసు దాచిన నిధికై వెదకి వేసారిన థీబ్సు పౌరుడొకడు అపోలో వాక్కు వెలువడు డెల్ఫీ ఆలయమును ఆశ్రయింపగా, "ప్రతి రాతిని కదల్పుము" అని సమాధానము వచ్చెను. అతడు అట్లే చేసి నిధిని పొందెనట.

వాక్కు వేల్పుదే యైనను, దానిని సామెతగా మలచినది అడిగినవారి నడతయే. విన్నవానికి నిధి దక్కెను, విననివారికి పురము పోయెను, మా యిల్లాలికి గుట్టు పోయెను. సోది యడుగవచ్చువారు ముందుగా గడపలో నెవరున్నారో చూచుకొనుట మేలని చెప్పవలెనని నాకు తోచుచుండును గాని, ఇన్ని గవ్వలకు ఇన్ని నోళ్లుండియు ఒక్కదానికిని మాట రాదు గదా!