అల్లుడి చేతి రోలెక్స్

పెళ్లికి వెళ్తే అందరూ పెళ్లికూతురి నగలు చూస్తారు. నేను పెళ్లికొడుకు మణికట్టు చూస్తాను. మామగారు పెట్టిన రోలెక్స్ అసలుదో కాదో తేలేదాకా నాకు పప్పన్నం సయించదు.

మొదట చూడాల్సింది సెకన్ల ముల్లు. ఇప్పటి ఆటోమేటిక్ రోలెక్స్‌లలో చాలావాటిలో అది సెకనుకు 8 బుల్లి అడుగులు వేస్తుంది. చూసేవాళ్లకు జారిపోతున్నట్టే ఉంటుంది. టక్కుటక్కుమని సెకనుకో గెంతు గెంతిందా, అక్షింతలు నా గుప్పిట్లోనే ఆగిపోతాయి. అయినా తొందరపడకూడదు. 1977లో ఆ కంపెనీవాళ్లే బ్యాటరీతో నడిచే ఆయిస్టర్‌క్వార్ట్జ్ తెచ్చారు, అదీ గెంతేదే. కాకపోతే పాతికేళ్ల కుర్రాడికి మామగారు అది వెతికి తెచ్చి పెట్టారంటే నేను నమ్మను.

తర్వాత తారీకు. దానిపైన ఉండే భూతద్దం అంకెను రెండున్నర రెట్లు చేసి చూపాలి. నకిలీల్లో చాలావాటికి అంత ఓపిక ఉండదు. వెనక గాజు మూతలోంచి చక్రాలు కనిపిస్తున్నా అనుమానించాల్సిందే. కొన్ని ఖరీదైన రకాలు తప్ప, రోలెక్స్ కడుపులోది బయటపెట్టే బాపతు కాదు. ఇప్పటి మోడళ్లలో 6 అంకె దగ్గర అద్దంలో లేజరుతో చెక్కిన కిరీటం ఒకటుంటుంది. అసలుదానిలో అది మామూలు కంటికి ఆనదు; దొంగదానిలో ఆమడ దూరం నుంచి నమస్కారం పెడుతుంది. దాన్ని వెతకాలంటే పెళ్లికొడుకు చెయ్యి పట్టుకోవాలి. పాణిగ్రహణం వేళ ఆ హక్కు నాది కాదు.

కార్టియే వాచీలైతే ఇంకా సరదా. చాలా మోడళ్లలో రోమన్ ఏడు అంకెలోని ఒక గీత నిజానికి గీతే కాదు, చీమ కాలంత అక్షరాల్లో రాసిన కంపెనీ పేరు.

మా బావగారి ముందు ఈ విద్యలేవీ పనిచెయ్యవు. "దుబాయ్ కరామాలో కొన్నానోయ్, ఫస్ట్ కాపీ!" అని నకిలీ రోలెక్స్ పెట్టుకున్న చెయ్యి ఆయనే చాపి చూపిస్తారు. పైగా అది బ్యాటరీది. రోజుకు 2 సెకన్లు అటూ ఇటూ పోవచ్చని రోలెక్స్ కంపెనీయే చెప్పుకుంటుంది; మామూలు బ్యాటరీ వాచీ నెలంతా కలిపి ఓ 15 సెకన్లు తప్పుతుంది. ఈ లెక్క బావగారికి నేనింతవరకు చెప్పలేదు.

కొనేవాళ్లకు ఒక్క మాట. డబ్బా, కార్డు, సీరియల్ నంబరు చూసి మురిసిపోకండి, అవి కూడా నకిలీవి దొరుకుతాయి. అధీకృత దుకాణంలో పేరున్న స్టీలు మోడల్ అడిగితే వెయిటింగ్ లిస్టులో పేరు రాసుకుంటారు. ఎవరైనా అదే వాచీని ఇప్పుడే, అదీ సగం ధరకే ఇస్తానంటే భూతద్దం తియ్యక్కర్లేదు.