శనివారం మంచు

చిల్లకూరులో డిసెంబరొస్తే తుపాను కబురే గానీ మంచు కబురుండదు. అందుకే ‘ఆంధ్రా కశ్మీర్ లంబసింగిలో సున్నా డిగ్రీలు, మంచు వర్షం’ అని సెల్‌ఫోన్లో వీడియో కనబడగానే మనవాళ్లు మంకీ క్యాపులు కొనేసి గూడూరులో రైలెక్కేస్తారు. తీరా వెళ్తే అక్కడ కమ్మేది పొగమంచు, వణికించేది గది అద్దె!

మంచు మీద జారే ఆట స్కీయింగ్. అమెరికా, కెనడాల్లో ఆ ఆట ఆడించే స్కీ రిసార్టులదీ ఒకప్పుడు ఇదే బాణీ. డార్ట్‌మౌత్ కాలేజీ ఆర్థికవేత్తలు జిన్‌మన్, జిట్జెవిట్జ్ లెక్క తీస్తే, రిసార్టులు చెప్పుకునే మంచు మామూలు రోజులకన్నా శని, ఆదివారాల్లోనే ఎక్కువ కురుస్తోందని తేలింది. పాపం, మంచుకు కూడా సెలవు రోజే తీరిక కాబోలు! ఉన్నదున్నట్టు స్కీయర్లే ఫోన్ యాప్‌లో రాయడం మొదలెట్టాక ఆ అదనపు మంచు చాలావరకు కరిగిపోయింది. సిగ్నల్ బాగా అందే చోట మరీ ఎక్కువగా!

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, చలి ఎంతుందో గది అమ్మేవాణ్ణి అడక్కండి. లంబసింగికి దగ్గర్లోనే చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఉష్ణోగ్రత అక్కడ కొలుస్తారు. ఆ థర్మామీటరుకు అద్దెకిచ్చే గదుల్లేవు.